పదికి ఎన్ని మార్కులు? జీవితాన్ని ముక్కలుగా కోసి కొలిచే లెక్క ఎక్కడ తప్పుతోంది

క్లుప్తంగా: ఉద్యోగం, ఆరోగ్యం, డబ్బు, ఇల్లు, స్నేహాలు, ఇలా ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకుని, తక్కువ వచ్చినదాన్ని పెంచుకోమనే పద్ధతి హైదరాబాద్ ఆఫీసుల ట్రైనింగుల్లో తరచూ కనిపిస్తోంది. మార్కులు వేసుకోవడంలో నష్టమేమీ లేదు. తక్కువ మార్కులు పడిన చోటే రోగం ఉందనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరం, షిఫ్టు టైమింగ్, ఈఎంఐ లాంటి ఒకే ఒక్క కారణం నాలుగైదు గడుల్లో నాలుగైదు పేర్లతో కనిపిస్తుంది. పైగా ఒకరి చక్రం (ఈ మార్కులతో గీసే బొమ్మ) గుండ్రంగా ఉండటానికి ఇంట్లో ఇంకొకరి టైమ్ ఖర్చవుతూ ఉంటుంది. ఆ సంగతి మార్కుల కాగితంలో ఎక్కడా కనపడదు.

ఈ చర్చ ఇప్పుడెందుకు

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కుర్రాళ్ళు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ ఆ మాటని 90 గంటల దాకా తీసుకెళ్ళి, ఇంట్లో కూర్చుని భార్యని ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు. జోకులు, మీమ్‌లు సద్దుమణిగేలోపే, అదే ఏడాది జులై మొదటి వారంలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. దాంతో "ఇకనుంచి అందరికీ పది గంటల డ్యూటీ అట" అని చాలామంది అనుకున్నారు.

జీవోలో ఉన్నది సరిగ్గా అది కాదు. రోజు పరిమితి 10 గంటలు అయినా వారం పరిమితి 48 గంటల దగ్గరే ఉంది. అది దాటితే ఓవర్‌టైమ్ కింద డబ్బు కట్టాలి, ఆ ఓవర్‌టైమ్ కూడా మూడు నెలలకి 144 గంటలు మించకూడదు. ఆరు గంటలు దాటి పనిచేస్తే అరగంట విరామం ఇవ్వాలి, మొత్తం కలిపి రోజుకి 12 గంటలు దాటకూడదు. దుకాణాలకి ఇది వర్తించదు. ఐటీ, ఐటీఈఎస్ (ఐటీ ఆధారిత సేవల) కంపెనీలకైతే ఈ జీవోకి ఆధారమైన దుకాణాలు, సంస్థల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ఎప్పటినుంచో మినహాయింపులున్నాయి, కాబట్టి మాదాపూర్‌లో కోడ్ రాసేవాళ్ళకి ఈ జీవోతో రాత్రికి రాత్రి మారిందేమీ లేదు.

48 గంటలన్నది కొత్త అంకె కూడా కాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందమే రోజుకి 8, వారానికి 48 అని. భారతదేశం 1921లో దాన్ని ఆమోదించింది, 1948 ఫ్యాక్టరీల చట్టంలోకీ అదే వచ్చింది. అంటే నూరేళ్ళుగా చట్టం కొలుస్తున్నది పనిచోట గడిపే టైమ్‌ని. ఆఫీసుకి చేరడానికి పట్టే టైమ్, ఇంటికొచ్చాక ఫోన్లో మోగే మెసేజిలు ఆ లెక్కలోకి రావు. అవి కూడా తమ జీవితంలోంచే పోతున్నాయని తెలిసినవాళ్ళు వేరే కొలబద్ద వెతుక్కున్నారు. అలా చేతికి దొరికినదే ఈ మార్కుల చక్రం.

చక్రం ఎక్కడిది

'వీల్ ఆఫ్ లైఫ్' అనే ఈ బొమ్మని అమెరికాకి చెందిన పాల్ జె. మేయర్ పేరుతో చెప్పుకుంటారు. ఇన్సూరెన్స్ అమ్మి పైకొచ్చిన ఆయన 1960లో టెక్సస్‌లోని వేకోలో సక్సెస్ మోటివేషన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. పద్ధతి చాలా సులువు. ఒక వృత్తం గీసి ఎనిమిది ముక్కలు చేయాలి. కేంద్రం సున్నా, అంచు పది. ఒక్కో ముక్కలో తృప్తి ఎంతుందో అక్కడ చుక్క పెట్టి అన్నిటినీ కలపాలి. గీత వంకరటింకరగా వస్తే "ఇలాంటి చక్రంతో బండి ఎంత దూరం పోతుంది?" అని ట్రైనర్ అడుగుతాడు, హాల్లో అందరూ నవ్వుతారు, ఎవరి కాగితం వాళ్ళు మడిచి జేబులో పెట్టుకుంటారు.

(అజంతా 17వ గుహలో ఉన్న బౌద్ధుల భవచక్రాన్ని కూడా ఇంగ్లీషులో ఇదే పేరుతో పిలుస్తారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అది కోరికల వల్ల మనిషి తిరిగే చక్రం, ఇది కోరికల్ని టార్గెట్లుగా మార్చే చక్రం.)

అమ్మకాల రంగం నుంచి వచ్చిన సాధనం కాబట్టి అందులో ఒక ఊహ దాగి ఉంది. ప్రతి ముక్కా విడిగా ఒక టార్గెట్ అనీ, గట్టిగా అనుకుంటే ఆ మనిషి ఒక్కడే దాన్ని పెంచుకోగలడనీ. ఇంకో ఊహ, అన్ని ముక్కలూ ఒకేసారి, ఈ వారంలోనే సమానంగా ఉండాలని. మన దగ్గర పాత ఆలోచన వేరుగా ఉండేది. ధర్మం, అర్థం, కామం, మోక్షం అని నాలుగు లక్ష్యాలు చెప్పినా, బ్రహ్మచర్యం నుంచి సన్న్యాసం దాకా నాలుగు దశలుగా వాటి బరువు మారుతూ పోతుందన్నారు. ఆ పద్ధతిలో అందరికీ చోటు ఉండేదని కాదు, అది వేరే చర్చ. ఇక్కడ పనికొచ్చే సంగతి ఒక్కటే: మూడు నెలల పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్రకి పదికి మూడు రావడం లోపమేమీ కాదు, ఆ దశ అలాంటిది.

ఇక గుండ్రటి చక్రమే మంచి చక్రం అనుకుంటే, అన్నిట్లోనూ పదికి నాలుగే వచ్చినవాడిది నిక్కమైన గుండ్రటి చక్రం.

మార్కులు ఎందుకు ఊగుతాయి

తృప్తిని పది మెట్లుగా కొలవడం పనికిమాలిన పనేమీ కాదు. ప్రపంచ సంతోష నివేదికలో దేశాల ర్యాంకులు కూడా సున్నా నుంచి పది దాకా ఉండే ఒక నిచ్చెన ప్రశ్న మీదే వస్తాయి. కాకపోతే వేలమందిని అడిగి సగటు తీయడం వేరు, ఒక మనిషి ఒక మధ్యాహ్నం ఏసీ హాల్లో కూర్చుని వేసుకున్న మార్కుల మీద ఇల్లు మారాలా ఉద్యోగం మారాలా అని తేల్చుకోవడం వేరు.

1988లో అమెరికాలో విద్యార్థుల మీద జరిగిన ఒక ప్రయోగం ఈ విషయంలో బాగా ప్రసిద్ధి. రెండే ప్రశ్నలు: జీవితం ఎంత తృప్తిగా ఉంది, పోయిన నెలలో ఎన్నిసార్లు డేటింగ్‌కి వెళ్ళారు. తృప్తి ప్రశ్న ముందు అడిగినప్పుడు రెండు జవాబులకీ పొంతనే లేదు. డేటింగ్ ప్రశ్న ముందు అడిగేసరికి పొంతన (పూర్తిగా కలిస్తే 1 అనుకునే లెక్కలో) ఏకంగా 0.66కి చేరింది. తర్వాత జరిగిన ప్రయత్నాల్లో ప్రతిసారీ ఇంత గట్టిగా ఫలితం రాలేదు గానీ, దిశ మాత్రం అర్థమవుతుంది. ముందు ఏది గుర్తు చేస్తే మనసు దాని చుట్టూ తిరిగి, మిగతావాటికి కూడా దాని రంగే పులుముతుంది. చక్రంలో మొదటి ముక్క 'కెరీర్' అయి, నిన్ననే అప్రైజల్ రేటింగ్ వచ్చి ఉంటే, చివర ఉన్న 'కుటుంబం' దాకా ఆ చేదు పాకుతుంది.

రెండో మెలిక పోలిక. డబ్బుకి పదికి ఐదు వేసుకున్న మనిషి ఎవరిని చూసి ఐదు వేశాడు? ఊళ్ళో ఉండిపోయిన తమ్ముణ్ణి చూసుకుంటే ఎనిమిది, డల్లాస్‌లో ఇల్లు కొన్న క్లాస్‌మేట్‌ని చూస్తే మూడు. జీతం అదే, ఫోన్ తెరిచి ఎవరి స్టేటస్ చూశాడన్న దాన్నిబట్టి మార్కు మారిపోతుంది.

అందుకే పరిశోధకులు మార్కుల పక్కనే ఇంకో పద్ధతి వాడతారు, నిన్నటి రోజుని రాయించడం. 2004లో డేనియల్ కానెమన్ బృందం టెక్సస్‌లో 909 మంది ఉద్యోగం చేసే ఆడవాళ్ళ చేత ముందురోజుని ఘట్టాలుగా విడగొట్టి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, అప్పుడు మనసెలా ఉంది అని రాయించింది. ఆ జాబితాలో అట్టడుగున నిలిచింది పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే ప్రయాణం. విచిత్రం ఏంటంటే ట్రైనింగుల్లో పంచే చక్రాల్లో 'ప్రయాణం' అనే ముక్క సాధారణంగా ఉండనే ఉండదు.

168 గంటల్లో హైదరాబాద్

వారానికి 168 గంటలు. ఉప్పల్‌లో ఉంటూ నానక్‌రామ్‌గూడలో పనిచేసే మనిషిని తీసుకుందాం. పని 48 గంటలు. నిద్ర రోజుకి 7 చొప్పున 49. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు సీటు దాకా ఒకవైపు గంటన్నర అనుకుంటే ఐదు రోజులకి 15. ఇందులో మెట్రో భాగం హాయిగానే గడుస్తుంది, కానీ బ్లూ లైన్ రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడినుంచి షేర్ ఆటో కోసమో కంపెనీ షటిల్ కోసమో నిలబడాలి. స్నానం, తిండి, తయారవడానికి రోజుకి రెండు గంటలేసి 14. మొత్తం 126 పోగా మిగిలింది 42 గంటలు.

42 అంటే తక్కువేం కాదు, రోజుకి ఆరు గంటలు. మరి "అసలు టైమే ఉండట్లేదు" అనే మాట ఎక్కడినుంచి వస్తోంది? ఒక కారణం ఆ గంటలు ఒకచోట కుప్పగా ఉండకపోవడం. అందులో పెద్ద వాటా శని, ఆదివారాల్లో ఉంటుంది. మిగతాది వారం మధ్యలో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, ఒంట్లో ఓపిక అయిపోయాక, తునకలుగా దొరుకుతుంది.

రెండో కారణం ఇంటి పని. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది, మగవాళ్ళలో ఆ పని చేసేవాళ్ళ సగటు 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. ఐదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గాయి సరే, మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. ఇప్పుడు ఈ అంకెల్ని ఆ 42 గంటల్లోంచి తీసేస్తే మగమనిషికి వారానికి 32 గంటల దాకా మిగులుతాయి, ఆడమనిషికి ఎనిమిది. ఉద్యోగం చేసే ఆడవాళ్ళని మాత్రమే తీసుకుంటే ఇంటిపని సగటు కొంత తగ్గుతుంది, కాబట్టి ఈ ఎనిమిదిని అక్షరాలా తీసుకోకూడదు. అయితే పిల్లల్ని, పెద్దవాళ్ళని చూసుకోవడం ఈ 289లో లేదు, సర్వే దాన్ని వేరే పద్దు కింద రాసింది.

ఇద్దరూ ఒకే కంపెనీలో, ఒకే గ్రేడులో ఉండి ఒకే రోజు చక్రం గీసుకున్నా 'హాబీలు' ముక్కలో ఆయనకి ఏడు, ఆమెకి రెండు వస్తాయి. ట్రైనర్ ఆమెకిచ్చే సలహా "మీకోసం మీరు టైమ్ కేటాయించుకోండి" అని. ఆ ఐదు మార్కుల తేడా ఎక్కడికి పోయిందో వెతకాల్సింది ఆయన కాగితంలో.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకి మొదలైన ఆర్టీసీ ఉచిత ప్రయాణం కూడా ఇలాగే చూడాలి. నెలనెలా బస్సు ఖర్చు తప్పడంతో 'డబ్బు' గడి కాస్త పైకి జరుగుతుంది, 'టైమ్' గడి ఉన్నచోటే ఉంటుంది.

టైమ్ ఉన్నా కుదరని సంగతులు

1985లో గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఉద్యోగానికీ ఇంటికీ మధ్య వచ్చే ఘర్షణని మూడు రకాలుగా విడగొట్టారు. మొదటిది టైమ్ ఘర్షణ, ఒకేసారి రెండుచోట్ల ఉండలేకపోవడం. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ శనివారం పదకొండుకి, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు కూడా అప్పుడే. రెండోది ఒత్తిడి ఘర్షణ. మనిషి ఇంటికి ఏడింటికే వచ్చాడు, సోఫాలోనే ఉన్నాడు, కానీ ఒంట్లో ఏమీ మిగల్లేదు. మూడోది ప్రవర్తన ఘర్షణ. ఒకచోట పనికొచ్చే తీరు ఇంకోచోట పనికిరాకపోవడం. రోజంతా స్టాండప్ కాల్స్ (ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగులు) నడిపిన టీమ్ లీడ్ రాత్రి కొడుకుని "హోంవర్క్ స్టేటస్ ఏంటి?" అని అడుగుతాడు, వాడు బ్లాకర్ (పని ఆపే అడ్డంకి) ఉందని చెప్పడం కూడా నేర్చుకుంటాడు.

ఇలా విడదీస్తే లాభం ఏంటంటే మందు కూడా వేరువేరు అని అర్థమవుతుంది. మొదటిదానికి క్యాలెండరు సర్దుకుంటే చాలు. రెండోదానికి అదే మందు వేస్తే, అంటే అలిసిపోయినవాడి ఖాళీ గంటలో జిమ్ము, గిటార్ క్లాసు ఇరికిస్తే అది ఇంకో డ్యూటీ అవుతుంది. జనవరిలో ఏడాది ఫీజు కట్టేసి మార్చికల్లా మానేసిన జిమ్ముల కథ చాలావరకు ఇదే. టైమ్ లేక మానేశామని చెబుతారు గానీ ఆ గంటలో వాళ్ళు ఫోన్ చూస్తూ పడుకునే ఉంటారు.

యూఎస్ షిఫ్టుల్లో ఈ మూడూ కలిసి వస్తాయి. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదికి పెట్టిన మీటింగు వేసవిలో ఇక్కడ సాయంత్రం ఆరున్నర. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పుతారు, దాంతో అదే మీటింగు ఇక్కడ ఏడున్నరకి జరుగుతుంది, మళ్ళీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. మన గడియారం కదలదు, మన రాత్రి భోజనం కదులుతుంది. ఏడాదిలో నాలుగు నెలలకి పైగా పిల్లలు నాన్న కాల్‌లో ఉండగానే పడుకుంటారు. ఇక పూర్తి రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకి పగటి నిద్ర ఎనిమిది గంటలు దొరికినా రాత్రి నిద్రకి సాటి రాదు. ఒంట్లోని గడియారం వెలుతురుని బట్టి నడుస్తుంది. దానికి తోడు పక్కింటి కుక్కర్ విజిళ్ళు, పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్, వీధిలో మైకు పెట్టుకుని తిరిగే ఉల్లిగడ్డల ఆటో. చక్రంలో ఇది 'ఆరోగ్యం: 3', 'కుటుంబం: 4', 'స్నేహాలు: 2', 'ఆధ్యాత్మికం: 1' అని నాలుగు సమస్యలుగా కనిపిస్తుంది. నిజానికి ఉన్నది ఒక్కటే, షిఫ్టు.

ఈఎంఐ అనే కట్టుగొయ్య

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న కాలంలో ఇల్లు ఒకసారి పడే కష్టం. ఇప్పుడది ఇరవై ఏళ్ళు సాగుతుంది. 80 లక్షల గృహరుణం, వడ్డీ ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్ళ గడువు అనుకుంటే నెలకి కట్టాల్సింది సుమారు 69,400 రూపాయలు. ఇరవై ఏళ్ళలో వడ్డీయే 86 లక్షలు దాటుతుంది.

ఇది చక్రంలో ఎలా పడుతుందో చూస్తే తమాషాగా ఉంటుంది. ఫ్లాట్ కొన్న రోజు 'ఆస్తి', 'భద్రత' గడులు ఎనిమిదికి ఎగురుతాయి. 'ఉద్యోగం' గడి మాత్రం మెల్లగా కుదించుకుపోతుంది, ఎందుకంటే జీతం ఆగితే రెండో నెలకే ఇబ్బంది అనే మనిషి రాత్రి కాల్ వద్దనలేడు, మేనేజర్ మారినా కదల్లేడు. ఇద్దరి జీతాలు చూపించి లోన్ తీసుకున్న ఇంట్లో ఇద్దరూ కట్టుబడిపోతారు. పిల్లవాడు పుట్టాక ఏడాది ఆగుదామనుకున్న ఆమె లెక్క ఈఎంఐ దగ్గరే తేలిపోతుంది. తెల్లాపూర్, బాచుపల్లి వైపు ధర కాస్త తక్కువ అని కొన్నవాళ్ళకి, ఆఫీసు వేరే మూలన ఉంటే, ఈఎంఐతో పాటు దూరం కూడా తగులుకుంటుంది. బ్యాంకు కాగితాల్లో వడ్డీ రేటు రాస్తారు, రోజుకి పోయే గంటల్ని ఎవరూ రాయరు.

అద్దెకున్నవాళ్ళు ఈ లెక్క వేసుకోవడం సులువు. ఆఫీసుకి దగ్గరగా మారితే ఒకవైపు గంట తగ్గుతుంది, అద్దె నెలకి 8,000 పెరుగుతుంది అనుకుందాం. నెలకి 22 పనిదినాలు, రోజుకి రెండు గంటలు, మొత్తం 44 గంటలు. అంటే గంట 180 రూపాయల చిల్లరకి దొరుకుతోంది. చాలామందికి ఇది చవకే. కానీ భార్య ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో అయితేనో, పిల్లల్ని చూసే అమ్మమ్మ మల్కాజిగిరిలో ఉంటేనో ఒకరి గంట తగ్గించబోయి ఇద్దరి గంటలు పెంచినట్టవుతుంది. కాబట్టి లెక్క మనిషికి వేయకూడదు, ఇంటికి వేయాలి.

ఎవరి చక్రం ఎవరి భుజాన

మణికొండ, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో సాయంత్రం ఐదింటికి పార్కు బెంచీల మీద కనపడే అమ్మమ్మలు, నానమ్మలు ఈ వ్యవస్థలో పెద్ద స్తంభం. మనవణ్ణి చూసుకోవడానికి ఆవిడ సిటీకి వచ్చింది, పొలం, గేదె ఉన్నాయని తాతయ్య ఊళ్ళో ఉండిపోయి పొద్దున వండుకున్న అన్నమే రాత్రికీ తింటున్నాడు. కూతురి చక్రంలో 'కెరీర్' ఎనిమిది. ఆ ఎనిమిది వెనక అరవై ఏళ్ళ దంపతులు విడివిడిగా బతుకుతున్నారు. దీన్ని ఎవరూ బలవంతంగా చేయించలేదు, ఆవిడ ఇష్టంగానే వచ్చింది. ఐనా లెక్కలో రాసి తీరాల్సిన ఖర్చే.

వంటమనిషిని పెట్టుకుంటే గంటన్నర ఆదా. ఆ గంటన్నర గాల్లోంచి రాలేదు. పొద్దున ఆరింటికి తన పిల్లల్ని పెద్దపిల్లకి అప్పగించి ఇల్లు వదిలిన ఇంకో ఆడమనిషి రోజులోంచి వచ్చింది. డబ్బు చేతులు మారింది కాబట్టి అది న్యాయమైన బేరమే కావచ్చు, జీతం, సెలవులు సరిగ్గా ఉంటే. వారం పరిమితులు, ఓవర్‌టైమ్ నిబంధనలు ఆమె దాకా రావు. ఆర్డరు ఆర్డరుకీ డబ్బు వచ్చే డెలివరీ కుర్రాళ్ళకీ అంతే, ఇన్సెంటివ్ స్లాబు దాటడానికి ఇంకో మూడు ఆర్డర్లు కావాలంటే వాళ్ళ పని ముగిసే టైమ్ ఆ యాప్ చేతిలో ఉంటుంది. గిగ్ కార్మికుల కోసం దేశంలో మొదటగా 2023లో రాజస్థాన్ చట్టం చేసింది, అదైనా సంక్షేమ నిధి గురించే తప్ప పనిగంటల గురించి కాదు.

దేన్ని ముందు కదపాలి

తక్కువ మార్కులున్న గడినే పట్టుకుని లాగడం కంటే, ఏ ఒక్కటి మారితే ఎన్ని గడులు కదులుతాయో చూడటం మెరుగు. దీనికి చక్రం చాలదు, డైరీ కావాలి. టైమ్ యూజ్ సర్వే పొద్దున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంటకో గడిగా రాయిస్తుంది. ఇంట్లోనూ అదే చేయొచ్చు, ఒక మామూలు బుధవారం, ఒక ఆదివారం, ఇంట్లో పెద్దవాళ్ళంతా ఎవరిది వాళ్ళు. ఒక్కో అరగంట పక్కన అప్పుడు ఓపిక ఎంతుందో ఒక ముక్క రాస్తే చాలు. మొగుడూ పెళ్ళాల కాగితాలు పక్కపక్కన పెట్టాక మొదటి పది నిమిషాలు కాస్త వేడిగా గడవొచ్చు.

కొన్ని గడులకి అడుగు మట్టం ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్ళకి నిద్ర కనీసం ఏడు గంటలన్నది వైద్యుల సిఫార్సు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్ళలో 35–40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 70, 90 గంటల చర్చలో ఈ అంకె పెద్దగా వినపడలేదు. వీటి దగ్గర "ఈ ఏడాదికి సర్దుకుందాం" అనే మాట చెల్లదు. స్నేహాలు, హాబీలు అలా కాదు, ఒక ఏడాది చిక్కిపోయినా మళ్ళీ కోలుకుంటాయి.

వ్యాయామానికి వారానికి కనీసం 150 నిమిషాలు అంటారు. మెట్రో స్టేషన్ దాకా ఆటో ఎక్కకుండా పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట వేగంగా నడిస్తే ఐదు రోజులకి సరిగ్గా 150 అవుతుంది. నడవడానికి ఫుట్‌పాత్ ఉండాలన్నది నిజమే, అమీర్‌పేట పరిసరాల్లో ఫుట్‌పాత్ మీద బండ్లు, బండ్ల పక్కన బైకులు.

పెద్ద మార్పుల్లో ఇంటినుంచి పని అన్నిటికన్నా చవకైనది. వారానికి రెండు రోజులు దొరికితే ఉప్పల్ మనిషికి 15లో 6 గంటలు వెనక్కి వస్తాయి, దానికి అద్దె పెరగదు, ఎవరూ ఇల్లు మారక్కర్లేదు. కాకపోతే ఆ నిర్ణయం కంపెనీది. రోజుకి 10 గంటల జీవోలోనూ ఇలాంటి అవకాశం ఒకటి దాగుంది. 48 గంటల్ని ఆరు రోజులకి బదులు ఐదు రోజుల్లో ముగిస్తే వారానికి ఒక రాకపోక తప్పుతుంది. అదే ఆరు రోజులూ ఉంచి పది గంటలకి సాగదీస్తే ఉన్న తీరికా పోతుంది. ఏది జరుగుతుందన్నది జీవో చెప్పదు, షిఫ్టు రోస్టరు వేసేవాళ్ళు చెబుతారు. డ్యూటీ అయ్యాక ఫోన్ ఎత్తకపోయే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. మన దగ్గర పార్లమెంటులో ప్రైవేటు మెంబరు బిల్లుగా వచ్చింది గానీ చట్టం కాలేదు.

ఇంట్లోనే తేల్చుకోగలిగింది పనుల పంపకం. "నేనూ హెల్ప్ చేస్తా" అనే పద్ధతిలో పని చేతికి మారుతుంది, గుర్తుపెట్టుకునే బరువు మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది. పాలవాడి లెక్క, టీకా తేదీ, గ్యాస్ బుకింగ్. ఒక పనిని మొత్తంగా ఒకరికి అప్పగిస్తే, అంటే టిఫిన్ ఏం చేయాలో ఆలోచించడం నుంచి గిన్నెలు తోమించడం దాకా, డైరీలో గంటలు ఎంత మారినా మారకపోయినా పక్కన రాసిన ఓపిక ముక్క మారుతుంది.

మళ్ళీ ఎప్పుడు కొలవాలి

జీతం పడిన రోజు, అప్రైజల్ వారం, జూన్‌లో స్కూలు ఫీజులు కట్టిన రోజు కొలిస్తే ఆ రోజు సంగతే తెలుస్తుంది. ఆదివారం రాత్రి కూడా వద్దు. మూడు నెలలకోసారి, మొదట ఏ వారం రాశారో అదే వారంతో, బుధవారాన్ని బుధవారంతో పోల్చాలి. ఒక్క మార్పే చేసి ఉంటే దాని ఫలితం కనపడుతుంది, ఒకేసారి ఇల్లు మారి, జిమ్ములో చేరి, షిఫ్టు కూడా మార్చుకుంటే దేనివల్ల ఏది జరిగిందో తేలదు. యూఎస్ కాల్స్ ఉన్న ఇళ్ళలో ఆగస్టు కాగితాన్ని నవంబరు రెండో వారం కాగితంతో పోల్చేటప్పుడు ఆ వెనక్కి జరిగిన గంటని పక్కన పెన్సిల్‌తో రాసుకోవాలి, లేకపోతే రాత్రి అన్నం ఆలస్యమైనందుకు ఎవరో ఒకరు మాట పడతారు.